డిష్‌వాషర్‌లో నీటి లోపాలు: కారణాన్ని ఇంట్లోనే గుర్తించే క్రమం

7.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు:

• డిష్‌వాషర్‌లోకి నీరు వచ్చే దారిని, బయటికి పోయే దారిని వివరించగలుగుతారు.
• నీరు రాకపోవడం, నీరు పోకపోవడం, నీరు కారడం అనే మూడు లోపాల మధ్య తేడాను గుర్తించగలుగుతారు.
• ట్యాంకు ఎత్తును బట్టి నీటి పీడనాన్ని అంచనా వేయగలుగుతారు.
• ఇంట్లో చేయదగిన పనులేవో, మెకానిక్‌కు వదిలిపెట్టవలసిన పనులేవో వేరుచేసి చెప్పగలుగుతారు.

7.1 ప్రస్తావన

గిన్నెలు కడిగే యంత్రం కొత్తగా వచ్చింది కాదు. అమెరికాకు చెందిన జోసెఫీన్ కాక్రేన్ 1886 డిసెంబరు 28న తన యంత్రానికి పేటెంటు పొందారు. 1893లో షికాగోలో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో ఆ యంత్రాలను ఉంచారు. గిన్నెలను బ్రష్షులతో రుద్దకుండా, తీగల అరల్లో నిలబెట్టి వాటి మీదికి నీటిని ఒత్తిడితో చిమ్మడం ఆమె ఆలోచనలోని ముఖ్యాంశం. ఇవాళ్టి యంత్రాలు కూడా ఇదే సూత్రం మీద పనిచేస్తున్నాయి. మన దేశంలో 2020 నాటి లాక్‌డౌన్‌లో పనివాళ్లు ఇళ్లకు రాలేని పరిస్థితి ఏర్పడిన తరవాత వీటి వాడకం పెరిగింది. విజయవాడ అపార్టుమెంట్లలోనే కాక మైలవరం వంటి మండల కేంద్రాల్లోని ఇళ్లలో కూడా ఇప్పుడు ఇవి కనిపిస్తున్నాయి.

అయితే ఈ యంత్రాన్ని రూపొందించినప్పుడు ఊహించుకున్న ఇల్లు వేరు, మన ఇల్లు వేరు. కుళాయిలో ఎప్పుడూ ఒకే ఒత్తిడితో మెత్తని నీరు రావడం, సింకు కింద మూసి ఉన్న మురుగు గొట్టం ఉండడం అక్కడి ఏర్పాటు. డాబా మీద ట్యాంకు, ట్యాంకులో బోరు నీరు, పెరటి వసారాలో నేలమట్టానికి తూము మన ఏర్పాటు. అందువల్ల మన ఇళ్లలో ‘యంత్రం చెడిపోయింది’ అనుకునే సందర్భాల్లో చాలావరకు యంత్రం బాగానే ఉంటుంది. యంత్రానికీ ఇంటికీ మధ్య ఉన్న కలయికలో లోపం ఉంటుంది. ఈ తేడా తెలియకపోతే బాగున్న విడిభాగాన్ని మార్పించి డబ్బు పోగొట్టుకోవడం, నెల తిరగక ముందే మళ్లీ అదే లోపం రావడం జరుగుతాయి.

ఈ భాగంలో మీరు నేర్చుకోవలసిన పద్ధతి ఒక్కటే: నీరు నడిచే దారిని మొదటి నుంచి చివరి వరకు వరుసగా చూడడం, దారి మధ్యలో ఏ అడుగునూ వదలకపోవడం.

7.2 యంత్రంలో నీటి ప్రయాణం

కుళాయి నుంచి మురుగు కాలువ వరకు నీరు ఈ క్రమంలో నడుస్తుంది.

1. కుళాయి నుంచి రాక గొట్టంలోకి నీరు వస్తుంది. గొట్టం బిగించే చోట ఇసుకను, తుప్పును ఆపే చిన్న జాలీ ఉంటుంది.
2. కరెంటుతో తెరుచుకునే వాల్వు నీటిని లోపలికి వదులుతుంది.
3. నీటిని మెత్తబరిచే అర ఉన్న యంత్రాలలో నీరు దాని గుండా తొట్టిలోకి చేరుతుంది. ఒక్కో విడతకు కొద్ది లీటర్ల నీరే పడుతుంది.
4. తొట్టి అడుగున ఉన్న గుంటలోంచి ఒక మోటారు నీటిని తీసుకుని, వేడిచేసి, తిరిగే చేతుల ద్వారా గిన్నెల మీదికి చిమ్ముతుంది. నీరు ఫిల్టరు గుండా కిందికి దిగి మళ్లీ అదే గుంటలోకి వస్తుంది.
5. విడత పూర్తికాగానే డ్రెయిన్ పంప్ అనే మరో చిన్న మోటారు మురికి నీటిని పోక గొట్టంలోకి తోస్తుంది.
6. పోక గొట్టం సింకు కింది గొట్టంలోకో, నిలువు గొట్టంలోకో, తూములోకో నీటిని వదులుతుంది.

ఈ ఆరు అడుగుల్లో మొదటిదీ చివరిదీ యంత్రానికి బయట ఉన్నాయని గమనించండి. పరిశీలన ఎప్పుడూ ఈ రెండు కొసల దగ్గర మొదలుకావాలి. ఎందుకంటే అక్కడ చూడడానికి స్క్రూడ్రైవర్ కూడా అవసరం ఉండదు.

7.3 పనికి ముందు జాగ్రత్తలు

డిష్‌వాషర్‌లోని హీటరు సుమారు 2,000 వాట్ల శక్తిని వాడుకుంటుంది. 230 వోల్టుల దగ్గర ఇది దాదాపు 9 ఆంపియర్ల కరెంటుతో సమానం. కాబట్టి యంత్రాన్ని ఎర్తింగ్ ఉన్న పెద్ద మూడు పిన్నుల సాకెట్‌కే కలపాలి. ఎక్స్‌టెన్షన్ బోర్డుకు కలపకూడదు.

పరిశీలన మొదలుపెట్టే ముందు ఈ నాలుగు పనులు చేయండి: స్విచ్చి ఆపి ప్లగ్గు ఊడదీయండి. రాక గొట్టం దగ్గర కుళాయి కట్టేయండి. నీరు వేడిగా ఉంటే చల్లారనివ్వండి. చేతులకు మందపాటి తొడుగులు వేసుకోండి, ఎందుకంటే అడుగు గుంటలో పగిలిన గాజు ముక్కలు ఉండవచ్చు. యంత్రాన్ని ముట్టుకుంటే జిల్లుమన్నా, దాని చుట్టూ నేల తడిగా ఉన్నా, ముందు ఇంటి మెయిన్ స్విచ్చి ఆపించి ఆ తరవాతే దగ్గరికి వెళ్లండి.

7.4 మొదటి లోపం: నీరు రాకపోవడం

యంత్రం మొదలైన కొద్ది నిమిషాలకే ఆగిపోయి హెచ్చరిక సంకేతం చూపిస్తుంది. ఎల్‌జీ యంత్రాలలో నీరు రాని లోపానికి ‘ఐఈ’ అనీ, నీరు పోని లోపానికి ‘ఓఈ’ అనీ అక్షరాలు కనిపిస్తాయి. బాష్ యంత్రాలలో ‘ఈ 24’, ‘ఈ 25’ సంకేతాలు నీరు పోని లోపాన్ని సూచిస్తాయి. అయితే సంకేతం లక్షణాన్ని మాత్రమే చెబుతుంది, కారణాన్ని చెప్పదు. ఈ విషయాన్ని 7.6లో వివరంగా చూస్తారు.

7.4.1 ట్యాంకు ఎత్తు – పీడనం

నీటి మట్టం ప్రతి 10 మీటర్ల ఎత్తుకు దాదాపు 1 బార్ పీడనం కలుగుతుంది. అంటే ఒక్కో మీటరుకు సుమారు 0.1 బార్. చాలా డిష్‌వాషర్లకు కనీసం 0.3 నుంచి 0.5 బార్ వరకు పీడనం కావాలని వాటి పుస్తకాల్లో రాసి ఉంటుంది. మీ యంత్రానికి ఎంత కావాలో దాని పుస్తకంలో చూడండి.

ఇప్పుడు ఒక అంతస్తు ఇంటిని తీసుకుందాం. డాబా నేల నుంచి 3.5 మీటర్ల ఎత్తులో ఉంది. ట్యాంకును నేరుగా డాబా మీదే పెట్టారు. యంత్రం కుళాయి నేలకు 0.5 మీటరు ఎత్తులో ఉంది. ట్యాంకులో నీరు అడుగంటినప్పుడు మట్టాల తేడా 3 మీటర్లు, అంటే పీడనం 0.3 బార్. గొట్టాల వంపుల్లో ఇందులో కొంత తగ్గిపోతుంది. ట్యాంకు నిండుగా ఉన్న ఉదయం బాగా నడిచిన యంత్రం, సాయంత్రం ట్యాంకు ఖాళీ అవుతున్న వేళ ఎందుకు ఆగిపోతుందో ఈ లెక్క చెబుతుంది. ట్యాంకు కింద ఒక మీటరు ఎత్తు దిమ్మ కట్టిస్తే మరో 0.1 బార్ కలుస్తుంది. అదీ చాలకపోతే నీటి ఒత్తిడి పెంచే చిన్న మోటారు పెట్టించవలసి ఉంటుంది.

బక్కెట్టు పరీక్ష: రాక గొట్టాన్ని విప్పి, కుళాయి కింద 10 లీటర్ల బక్కెట్టు పెట్టి, కుళాయిని పూర్తిగా తిప్పండి. బక్కెట్టు ఒక నిమిషంలో నిండితే ప్రవాహం చాలినంత ఉన్నట్టు. మూడు నిమిషాలు దాటితే లోపం యంత్రంలో కాక నీటి సరఫరాలో ఉన్నట్టు భావించండి. ఈ పరీక్షను ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు ఒకసారి, తగ్గినప్పుడు ఒకసారి చేయండి.

7.4.2 జాలీ

బక్కెట్టు పరీక్షలో నీరు బాగా వచ్చి, యంత్రంలోకి మాత్రం రాకపోతే రాక గొట్టం కొసనున్న జాలీని చూడండి. బోరు నుంచి వచ్చే సన్నని ఇసుక, ట్యాంకు అడుగు బురద ఇక్కడ పేరుకుంటాయి. జాలీని శ్రావణంతో మెల్లగా లాగి, పాత పళ్ల బ్రష్షుతో కడిగి మళ్లీ పెట్టండి. కొన్ని యంత్రాల గొట్టం కొసన పెద్ద ప్లాస్టిక్ డబ్బా వంటి భాగం ఉంటుంది. దాని లోపల కరెంటుతో పనిచేసే వాల్వు ఉంటుంది కాబట్టి దాన్ని నీళ్లలో ముంచకూడదు, ఆ గొట్టాన్ని కోయకూడదు. గొట్టం యంత్రం వెనక గోడకు నొక్కుకుని మడత పడిందేమో కూడా చూడండి.

7.4.3 ఉప్పు నీళ్లు

మన వాడుకలో ‘ఉప్పు నీళ్లు’ అనేది తరచుగా కఠిన జలమే. కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువగా కరిగి ఉన్న నీటిని కఠిన జలం అంటారు. తాగునీటికి భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాముల వరకు ఆమోదయోగ్యం. వేరే నీటి వనరు లేనప్పుడు 600 వరకు అనుమతి ఉంది. కఠిన జలాన్ని వేడిచేసినప్పుడు తెల్లని గార ఏర్పడుతుంది. నీళ్లు కాచే గిన్నె అడుగున మీరు దీన్ని చూసే ఉంటారు. ఇదే గార యంత్రంలో జాలీ మీద, చిమ్మే చేతుల రంధ్రాల్లో, హీటరు మీద కూడా పట్టుకుంటుంది.

దీన్ని తగ్గించడానికి యంత్రంలో ఉప్పు అర ఉంటే, డిష్‌వాషర్ కోసం అమ్మే ఉప్పునే అందులో వేయాలి. వంట ఉప్పులో కలిపే అయొడిన్, గడ్డకట్టకుండా వాడే పదార్థాలు ఆ అరకు మంచివి కావు. పట్టిన గారను వదిలించడానికి నిమ్మ ఉప్పును ఖాళీ యంత్రంలో వేసి వేడినీటి విడత ఒకటి నడపవచ్చు. నిమ్మ ఉప్పును బ్లీచింగ్ పౌడరుతో ఎన్నడూ కలపకూడదు. ఆ రెండూ కలిస్తే విషవాయువు పుడుతుంది.

7.5 రెండో లోపం: నీరు పోకపోవడం

పని పూర్తయ్యాక తలుపు తీస్తే తొట్టి అడుగున మురికి నీరు నిలిచి ఉంటుంది. ముందుగా రెండు విషయాలు తేల్చుకోండి. ఒకటి, ఫిల్టరు కింద గుంటలో కొద్దిపాటి తేట నీరు ఉండడం లోపం కాదు. రెండు, మధ్యలో కరెంటు పోయి యంత్రం ఆగితే నీరు నిలుస్తుంది. కరెంటు వచ్చాక ఆ విడతను పూర్తి కానివ్వండి, లేదా నీటిని తోసివేసే బటన్ నొక్కండి. అప్పటికీ నీరు పోకపోతే ఈ కింది క్రమంలో చూడండి.

7.5.1 ఫిల్టరు

నీరు పోకపోవడానికి ఎక్కువగా కనిపించే కారణం ఇదే. ఫిల్టరును చేత్తో తిప్పి పైకి తీయవచ్చు. మన వంటల్లో ఫిల్టరుకు అడ్డుపడే పదార్థాలు కొన్ని ఉన్నాయి: చింతపండు పీచు, ములక్కాడ పీచు, కరివేపాకు, పోపు గింజలు, మిరపకాయ తొక్కలు, చేప ముళ్లు, గిన్నెకు అంటిన అన్నం మెతుకులు. అన్నం, మినప్పిండి నీళ్లలో జిగురుగా మారి జాలీ కన్నాలను మూసేస్తాయి. పచ్చడి జాడీ, పిండి గిన్నె, చేపల కూర గిన్నె పెట్టే ముందు వాటిలో మిగిలినదాన్ని చేత్తో తీసేస్తే చాలు, పూర్తిగా కడగనక్కరలేదు. ఫిల్టరును వారానికి ఒకసారి కుళాయి కింద మెత్తని బ్రష్షుతో కడగండి. మళ్లీ పెట్టినప్పుడు బిగిసేవరకు తిప్పండి. వదులుగా ఉన్న ఫిల్టరు పక్కనుంచి ముక్కలు డ్రెయిన్ పంప్‌లోకి దిగిపోతాయి.

7.5.2 డ్రెయిన్ పంప్

నిలిచిన నీటిని స్పాంజితో తోడివేసి, గుంట అడుగున చూడండి. చాలా యంత్రాలలో పంప్ మీద చిన్న మూత ఉంటుంది. దాన్ని ఎలా తీయాలో యంత్రం పుస్తకంలో బొమ్మతో సహా ఇస్తారు. మూత తీశాక లోపల చిన్న రెక్కల చక్రం కనిపిస్తుంది. దాన్ని చెంచా కొనతో మెల్లగా కదపండి. కొంత బిగువుగా, అంచెలంచెలుగా తిరిగితే అది సహజమే. అసలు కదలకపోతే చేప ముల్లో, గాజు ముక్కో, చింతగింజో ఇరుక్కుని ఉంటుంది. దాన్ని తీసి మూతను యథాస్థానంలో బిగించండి.

శబ్దం కూడా సాక్ష్యమే. నీటిని తోసే సమయంలో ‘గుయ్’మంటూ నీరు కదలకపోతే చక్రం ఇరుక్కుని ఉండవచ్చు. మోటారు మామూలుగా తిరుగుతున్నా నీరు పోకపోతే గొట్టంలో అడ్డు ఉండవచ్చు. ఏ శబ్దమూ లేకపోతే మోటారుకు కరెంటు అందడం లేదు, లేదా మోటారు కాలిపోయింది. ఈ చివరి సందర్భం మెకానిక్‌ది.

7.5.3 పోక గొట్టం

గొట్టం ఎక్కడా మడత పడకుండా చూడండి. సింకు కింద కలిపి ఉంటే, కలిసే చోట జిడ్డు గడ్డకట్టిందేమో పరిశీలించండి. కొత్తగా బిగించిన యంత్రంలో మొదటి రోజే నీరు పోకపోతే, సింకు గొట్టానికి ఉన్న మూతి లోపలి ప్లాస్టిక్ బిళ్లను ప్లంబర్ తొలగించాడో లేదో అడగండి. గొట్టం కొస ఎత్తు సాధారణంగా నేల నుంచి 40 సెంటీమీటర్లకు తగ్గకుండా, 100 సెంటీమీటర్లకు మించకుండా ఉండాలి. మరీ ఎత్తయితే పంప్ తోయలేదు. మరీ తక్కువైతే ఏం జరుగుతుందో 7.6లో చూస్తారు.

7.5.4 ఇంటి బయటి కాలువ

బయట పోయే దారి నిండి ఉంటే లోపలి నీరు పోలేదు, పైగా వెనక్కి తన్నుతుంది. ఈ సూత్రం మైలవరం ప్రాంతపు వారికి బుడమేరు ద్వారా పరిచితమే. ఇక్కడి కొండల వాన నీటిని కలుపుకుని వచ్చే బుడమేరును వెలగలేరు దగ్గర మళ్లింపు కాలువ ద్వారా, ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలోకి పంపుతారు. కృష్ణ పొంగుతున్నప్పుడు ఆ నీరు నదిలో కలవలేక వెనక్కి నెడుతుంది. 2024 సెప్టెంబరు మొదటి వారంలో బుడమేరుకూ కృష్ణకూ ఒకేసారి వరద వచ్చింది. మళ్లింపు కాలువకు గండ్లు పడి విజయవాడలోని కాలనీలు మునిగాయి. ఆ విపత్తు పరిమాణాన్ని ఒక వంటింటి యంత్రంతో పోల్చలేం. పోలిక సూత్రానికే పరిమితం: చేరవలసిన చోట మట్టం ఎక్కువైతే ప్రవాహం దిశ మారుతుంది.

వానాకాలంలో వీధి కాలువ పొంగి ఇంటి తూము మట్టానికి చేరితే, తొట్టిలోకి దుర్వాసన గల నీరు తిరిగి రావచ్చు. అలాంటి రోజుల్లో యంత్రాన్ని నడపకండి. మురుగు నీరు చేరిన తొట్టిలోని గిన్నెలను మళ్లీ కడగకుండా వాడకండి.

7.6 ఒక ఉదాహరణ: కారణం ఒకచోట, లక్షణం మరోచోట

మైలవరంలో ఒక ఇంట్లో యంత్రాన్ని పెరటి వసారాలో పెట్టారనుకోండి. పోక గొట్టాన్ని నేల మీద పరిచి, కొసను తూములోకి దించారు. యంత్రం ‘నీరు రావడం లేదు’ అనే సంకేతం చూపిస్తోంది. బక్కెట్టు పరీక్షలో నీరు బాగా వచ్చింది. జాలీ శుభ్రంగా ఉంది. ఇక వాల్వు చెడిందనే నిర్ణయానికి ఎవరైనా రావచ్చు.

కాని యంత్రం నీరు పట్టుకుంటున్న సమయంలో తూము దగ్గర చెవిపెట్టి వినండి. అక్కడ నీరు పడుతున్న చప్పుడు వినిపిస్తే అసలు సంగతి బయటపడుతుంది. బండి ట్యాంకులోంచి గొట్టంతో పెట్రోలు తీయడం మీరు చూసే ఉంటారు. ఒకసారి ధార మొదలైతే, కింది కొస పల్లంలో ఉన్నంతవరకు అది ఆగదు. దీన్ని సైఫన్ అంటారు. పోక గొట్టం కొస తొట్టి నీటి మట్టానికి కింద ఉండడంవల్ల, పైనుంచి వచ్చిన నీరు వచ్చినట్టే తూములోకి జారిపోతోంది. తొట్టి ఎంతకీ నిండకపోవడంతో యంత్రం నీరు రావడం లేదని భావిస్తోంది.

ఇక్కడ సంకేతం రాక వైపు చూపింది, కారణం పోక వైపు ఉంది. వాల్వు మార్చినా ఫలితం ఉండదు. గొట్టం కొసను 40 సెంటీమీటర్లకు పైన కొక్కేనికి తగిలించి, నిలువు గొట్టంలోకి వదులుగా దించాలి. గొట్టం చుట్టూ గాలి ఆడే సందు ఉండాలి. సందును గుడ్డతోనో టేపుతోనో మూసేస్తే సైఫన్ మళ్లీ ఏర్పడవచ్చు. ఈ మరమ్మతుకు అయ్యే ఖర్చు ఒక కొక్కెం, ఒక గొట్టం ముక్క.

7.7 మూడో లోపం: నీరు కారడం

తలుపు కింద నుంచి నీరు వస్తే మొదట నురగ ఉందేమో చూడండి. మామూలు గిన్నెల సబ్బు, లిక్విడ్ వేస్తే నురగ పొంగి బయటికి వస్తుంది. డిష్‌వాషర్ పొడి లేదా బిళ్ల మాత్రమే వాడాలి. ఇవి క్షార గుణం గలవి కాబట్టి పిల్లలకు అందకుండా పెట్టండి. తరవాత తలుపు చుట్టూ ఉన్న రబ్బరును తడిగుడ్డతో తుడిచి, చిరుగు ఉందేమో పరిశీలించండి. పొడవాటి గరిటె తలుపును అడ్డుకుంటోందేమో చూడండి. యంత్రం నేల మీద సమంగా నిలబడిందో లేదో కూడా చూసుకోవాలి.

చాలా యంత్రాలలో అడుగున పళ్లెం, అందులో తేలే స్విచ్చి ఉంటాయి. పళ్లెంలోకి నీరు చేరగానే యంత్రం ఆగి, ఆగకుండా నీటిని బయటికి తోస్తూ ఉంటుంది. బాష్ యంత్రాలలో ‘ఈ 15’ సంకేతం దీన్నే తెలుపుతుంది. యంత్రాన్ని వంచి ఆ నీటిని పారబోస్తే సంకేతం పోతుంది, కాని లోపం పోదు. నీరు ఎక్కడినుంచి కారుతోందో కనిపెట్టేవరకు యంత్రాన్ని వాడకూడదు.

7.8 ఎక్కడ ఆగాలి?

కింది సందర్భాల్లో మీ పని ముగిసినట్టే. ప్లగ్గు తీసి, కుళాయి కట్టి మెకానిక్‌ను పిలవండి.

• యంత్రం పెట్టగానే ఇంటి ఎర్త్ లీకేజీ స్విచ్చి పడిపోవడం, కాలిన వాసన రావడం, షాక్ కొట్టడం.
• అడుగు పళ్లెంలోకి పదే పదే నీరు చేరడం.
• ఫిల్టరు, పంప్, గొట్టం శుభ్రంగా ఉన్నా నీరు పోకపోవడం.
• పక్క రేకులను విప్పితే తప్ప చూడలేని పని రావడం. గ్యారంటీ ఉన్నప్పుడు ఈ పని అసలే చేయకూడదు.

మెకానిక్ విజయవాడ నుంచి రావలసి వస్తే, ఫోనులోనే ఈ నాలుగు వివరాలు చెప్పండి: కనిపించిన సంకేతం, ఏ దశలో ఆగింది, బక్కెట్టు పరీక్ష ఫలితం, మోటారు శబ్దం. ఈ వివరాలు తెలిస్తే అతను తగిన విడిభాగంతోనే బయలుదేరుతాడు. రెండోసారి రాకపోకల ఖర్చు మీకు తగ్గుతుంది.

స్వీయ సమీక్ష

గమనిక: అ) మీ సమాధానాలను నోటుపుస్తకంలో రాయండి. ఆ) వాటిని 7.10లో ఇచ్చిన సమాధానాలతో సరిచూసుకోండి.

1. ట్యాంకు అడుగు నేలకు 6.5 మీటర్ల ఎత్తులో, కుళాయి 0.5 మీటరు ఎత్తులో ఉన్నాయి. కుళాయి దగ్గర కనీస పీడనం ఎంత?
2. నీటిని తోసే సమయంలో మోటారు మామూలుగా తిరుగుతోంది, నీరు మాత్రం పోవడం లేదు. మొదట ఏం చూస్తారు?
3. యంత్రం నీరు పట్టుకుంటున్నప్పుడే తూములో నీరు పడుతోంది. కారణం ఏమిటి?

7.9 సారాంశం

డిష్‌వాషర్ నీటి లోపాలు మూడు రకాలు: నీరు రాకపోవడం, పోకపోవడం, కారడం. రాక వైపు ట్యాంకు ఎత్తు, జాలీ, కఠిన జలం ముఖ్య కారణాలు. పోక వైపు ఫిల్టరు, పంప్, గొట్టం ఎత్తు, బయటి కాలువ ముఖ్య కారణాలు. సంకేతం లక్షణాన్నే చూపుతుంది. కారణం నీటి దారిలో మరో కొసన ఉండవచ్చు. ప్లగ్గు తీసి, బయటి కొసల నుంచి మొదలుపెట్టి, ఒక్కో అడుగును పరీక్షించి తోసిపుచ్చుకుంటూ వెళితే బాగున్న విడిభాగాన్ని మార్చే అవసరం రాదు.

7.10 స్వీయ సమీక్ష – సమాధానాలు

1. మట్టాల తేడా 6 మీటర్లు. కాబట్టి సుమారు 0.6 బార్. గొట్టాల వంపుల వల్ల ఇందులో కొంత తగ్గుతుంది.
2. పోక గొట్టంలో మడత లేదా అడ్డు ఉందేమో చూడాలి. తరవాత అది సింకు గొట్టంలో కలిసే చోటును చూడాలి.
3. సైఫన్. పోక గొట్టం కొస తొట్టి నీటి మట్టానికి కింద ఉంది.

7.11 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. డిష్‌వాషర్‌లో నీటి ప్రయాణాన్ని వివరించి, నీరు పోకపోవడానికి గల కారణాలను క్రమంగా చర్చించండి.
2. ‘సంకేతం లక్షణాన్నే చెబుతుంది, కారణాన్ని కాదు.’ ఉదాహరణతో నిరూపించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. బక్కెట్టు పరీక్షను వివరించండి.
2. కఠిన జలం వల్ల యంత్రానికి కలిగే నష్టాలేవి? వాటి నివారణ ఎలా?
3. మీ ఇంట్లో లేదా పొరుగింట్లో నీటి ట్యాంకు ఎత్తు కొలిచి, కుళాయి దగ్గర పీడనాన్ని అంచనా వేయండి. అక్కడ డిష్‌వాషర్ సరిగా పనిచేస్తుందో లేదో కారణాలతో రాయండి.